కడపలో ఉండి ప్రొటీన్ టెస్ట్ తయారుచేయాలంటే

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. కడపలో బయోకెమిస్ట్రీ పీహెచ్‌డీలో చేరారు. మీ మేనత్తగారికి అండాశయ క్యాన్సర్ బాగా ముదిరాక గానీ బయటపడలేదు. రక్తంలో ప్రొటీన్లు చూసి ఆ జబ్బును ముందే పట్టే టెస్ట్ తయారుచేయాలని మీ పట్టుదల. 30 మంది పేషెంట్ల రక్తం, 30 మంది ఆరోగ్యంగా ఉన్నవాళ్ళ రక్తం తీసి మాస్ స్పెక్ట్రోమెట్రీకి (ప్రొటీన్ ముక్కల బరువు కొలిచి అవి ఏవో గుర్తుపట్టే పద్ధతికి) పంపుదామనుకుంటున్నారు. ఏ మెషీన్ మంచిది, కడప లాంటి చోట ఉండి ఇది అయ్యే పనేనా అని అడిగారు.

అయ్యే పనే అమ్మా. కానీ మీరు వేసుకున్న దారిలో వెళితే మూడేళ్ళు పోతాయి, చేతికి ఏమీ రాదు. నేను కొన్నాళ్ళు హైదరాబాదులో, తర్వాత కర్నూలులో, మొత్తం 27 ఏళ్ళు క్లినికల్ బయోకెమిస్ట్రీలో పనిచేశాను. మీరు వేయబోయే తప్పటడుగుల్లో కొన్ని నేను ముందే వేశాను. అందుకే వివరంగా రాస్తున్నాను.

ముందు అండాశయ క్యాన్సర్ సంగతి. ఏ లక్షణాలూ లేని ఆడవాళ్ళలో దాన్ని ముందే పట్టడం ఈ రంగంలో అన్నిటికన్నా కష్టమైన పని. ఎందుకో లెక్క వేసి చూడండి. నెలసరి ఆగిపోయిన ఆడవాళ్ళలో దాదాపు 2,500 మందికి ఒకరిలో ఈ జబ్బు ఉంటుందని పాశ్చాత్య దేశాల లెక్క. అంటే లక్ష మందిలో 40 మంది. మీ టెస్ట్ ఆ 40 మందిలో ఒక్కరినీ వదలకుండా పట్టిందనుకుందాం. స్పెసిఫిసిటీ, అంటే జబ్బు లేనివాళ్ళకు లేదని సరిగ్గా చెప్పడం, 95 శాతం అనుకుందాం. పరిశోధన పత్రంలో చూస్తే బ్రహ్మాండంగా ఉంటుంది. కానీ మిగిలిన 99,960 మందిలో 5 శాతం, అంటే సుమారు 5,000 మందికి లేని క్యాన్సర్ ఉందేమోనని చెప్పినట్టవుతుంది. నిజంగా జబ్బున్న ఒక్కరిని పట్టడానికి 125 మందికి టెన్షన్ పెడతాం. వాళ్ళకు స్కాన్లు, వాళ్ళలో కొందరికి పొట్ట కోసి చూడటం. మన దగ్గర ఈ జబ్బు అంతకంటే అరుదు కాబట్టి లెక్క ఇంకా పాడవుతుంది.

2002లో లాన్సెట్ పత్రికలో పెట్రికాయిన్, లియోటాల బృందం ఒక పేపర్ ప్రచురించింది. సీరంలోని (రక్తం గడ్డ కట్టాక పైన తేరే ద్రవంలోని) ప్రొటీన్లను మాస్ స్పెక్ట్రోమీటర్‌లో పెట్టి, వచ్చిన గీతల తీరును కంప్యూటర్‌తో చదివించి, అండాశయ క్యాన్సర్ ఉన్న 50కి 50 శాంపిళ్ళనూ పట్టారు. క్యాన్సర్ లేని 66లో 63 సరిగ్గా చెప్పారు. ఆ రోజుల్లో మా ల్యాబ్‌లో ఆ పేపర్ జిరాక్స్ చేతులు మారి మారి నలిగిపోయింది. ఆ తర్వాత ఎండీ ఆండర్సన్ క్యాన్సర్ సెంటర్‌లో గణాంకాలు చూసే కీత్ బాగర్లీ, కెవిన్ కూంబ్స్ వాళ్ళు ఆ డేటాను మళ్ళీ తిరగేశారు. రెండు గుంపుల మధ్య కనబడిన తేడాలో చాలా భాగం జబ్బు వల్ల వచ్చినట్టు లేదని, శాంపిళ్ళను నడిపిన విధానంలోని తేడా అయి ఉండొచ్చని చూపించారు. ఆ పద్ధతి మీద తయారైన టెస్ట్ మార్కెట్‌లోకి రాలేదు. మీరు ఏ మెషీన్ కొనాలో ఆలోచించే ముందు ఈ కథ మొత్తం చదవండి.

పాత టెస్ట్ సీఏ-125 సంగతీ చూద్దాం. ఈ క్యాన్సర్లో రక్తంలో పెరిగే ఒక ప్రొటీన్ అది. 1981లో రాబర్ట్ బాస్ట్ బృందం దాన్ని పట్టుకునే యాంటీబాడీని తయారుచేసింది, 1983కి రక్తంలో కొలిచే పద్ధతి వచ్చింది. మిల్లీలీటరుకు 35 యూనిట్లు దాటితే ఎక్కువ అంటారు. తొలి దశ క్యాన్సర్లలో దాదాపు సగం మందిలో అది పెరగనే పెరగదు. మరోవైపు ఎండోమెట్రియోసిస్‌లో (గర్భసంచి లోపలి పొర బయట పెరిగే జబ్బులో), క్యాన్సర్ కాని గడ్డల్లో, గర్భంలో, నెలసరి రోజుల్లో కూడా పెరగవచ్చు. బ్రిటన్‌లో 2 లక్షలకు పైగా ఆడవాళ్ళను ఏళ్ళ తరబడి చూసిన యూకేసీటాక్స్ అధ్యయనం 2021లో తుది ఫలితం చెప్పింది. సీఏ-125తో, స్కాన్‌తో స్క్రీనింగ్ చేసినా మరణాలు తగ్గలేదు.

మన సీమలో ఇంకో చిక్కు ఉంది, విదేశీ పుస్తకాల్లో అది ఒక మూలన ఉంటుంది. చాలా ఏళ్ళ కిందట ఆదోని వైపు నుంచి ఒకావిడ వచ్చింది. పొట్ట నిండా నీరు, మనిషి పుల్లలా అయిపోయింది. సీఏ-125 దాదాపు 700. స్కాన్‌లో అండాశయం దగ్గర గడ్డలాంటిది. రిపోర్ట్ చూసి ఇంట్లోవాళ్ళు ఆశ వదులుకున్నారు, కూతురు మెట్ల మీద కూర్చుని ఏడుస్తోంది. డాక్టరమ్మ పట్టుబట్టి ముక్క పరీక్ష చేయిస్తే అది పొట్టలో టీబీ. ఆరు నెలలు మాత్రలు మింగి ఆవిడ తన కాళ్ళ మీద తాను నడుచుకుంటూ వచ్చి మాకు పళ్ళు ఇచ్చి వెళ్ళింది. టీబీ ఇంతగా ఉన్న దేశంలో అండాశయ క్యాన్సర్‌కు ప్రొటీన్ టెస్ట్ తయారుచేసేవాళ్ళు పోలిక కోసం ఆరోగ్యంగా ఉన్న 30 మందిని తీసుకుంటే సరిపోదు. పొట్ట టీబీ వాళ్ళను, ఎండోమెట్రియోసిస్ వాళ్ళను, మామూలు సిస్ట్‌లు (నీటి గడ్డలు) ఉన్నవాళ్ళను తీసుకోవాలి. ఆసుపత్రిలో డాక్టరుకు అసలు సందేహం వచ్చేది వాళ్ళ మధ్యనే.

అండాశయ క్యాన్సర్ విషయంలో నిలబడిన టెస్ట్ కూడా ఒకటి ఉంది. 2009లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతించిన ఓవా1. సీఏ-125తో పాటు ట్రాన్స్‌థైరెటిన్, అపోలిపోప్రొటీన్ ఏ1, బీటా-2 మైక్రోగ్లోబ్యులిన్, ట్రాన్స్‌ఫెర్రిన్, మొత్తం అయిదు ప్రొటీన్లు కొలిచి ఒక స్కోరు ఇస్తుంది. దీని మూలం కూడా మాస్ స్పెక్ట్రోమెట్రీ పరిశోధనే. అయితే వీళ్ళు ఊరందరిలో క్యాన్సర్ ఎవరికుందని అడగలేదు. గడ్డ ఉందని తేలి, ఆపరేషన్ ఖాయమైన ఆవిడకు మామూలు గైనకాలజిస్ట్ చేస్తే చాలా, క్యాన్సర్ సర్జన్ దగ్గరికి పంపాలా అని మాత్రమే అడిగారు. ప్రశ్న చిన్నదైంది కాబట్టి జవాబు దొరికింది.

మీరు కూడా అలాంటి ప్రశ్న పట్టుకోవాలి. జవాబు వచ్చిన రోజు డాక్టరు చేసే పని మారాలి. అలా మారని టెస్ట్‌తో పేషెంటుకు ఒరిగేదేమీ లేదు, రక్తం తీసి బాధపెట్టడం తప్ప.

నన్నడిగితే కడపలో, కర్నూలులో, అనంతపురంలో పట్టుకోవాల్సింది గర్భిణుల బీపీ జబ్బు, ప్రీఎక్లాంప్సియా. మన పెద్దవాళ్ళు గుర్రపు వాతం అని భయపడేది దాని చివరి మెట్టు, ఫిట్స్ వచ్చే దశ. దీంట్లో ప్రొటీన్ల కథ చాలా బాగుంటుంది. మద్రాస్ మెడికల్ కాలేజీలో చదివి బోస్టన్ వెళ్ళిన అనంత్ కరుమంచి బృందం 2003లో చూపించిందేమిటంటే, ఈ జబ్బులో మాయ నుంచి ఎస్‌ఎఫ్‌ఎల్‌టీ-1 అనే ప్రొటీన్ ఎక్కువగా రక్తంలోకి వస్తుంది. అది రక్తనాళాలను ఆరోగ్యంగా ఉంచే వీఈజీఎఫ్, పీఎల్‌జీఎఫ్ అనే ప్రొటీన్లను పట్టేసి వాటి పని ఆపేస్తుంది. చూలు ఎలుకల్లో ఎస్‌ఎఫ్‌ఎల్‌టీ-1 పెంచితే బీపీ పెరిగింది, మూత్రంలో ప్రొటీన్ పోయింది, కిడ్నీలో అచ్చం ఈ జబ్బు లాంటి మార్పులే వచ్చాయి. ఇక్కడ ప్రొటీన్ జబ్బు పక్కన ఊరికే కనబడటం లేదు, జబ్బును నడిపిస్తోంది. అలాంటి మార్కర్ (జబ్బును పట్టిచ్చే గుర్తు) ఒక దేశంలో పనిచేసి ఇంకో దేశంలో మాయమయ్యే అవకాశం తక్కువ.

2016లో ప్రోగ్నోసిస్ అనే అధ్యయనం ఎస్‌ఎఫ్‌ఎల్‌టీ-1, పీఎల్‌జీఎఫ్‌ల నిష్పత్తికి గీత గీసింది. అనుమానం ఉన్న గర్భిణిలో ఎస్‌ఎఫ్‌ఎల్‌టీ-1ను పీఎల్‌జీఎఫ్‌తో భాగిస్తే 38 లేదా అంతకంటే తక్కువ వస్తే, వచ్చే వారంలో ప్రీఎక్లాంప్సియా రాదని 99.3 శాతం నమ్మకంతో చెప్పవచ్చు. 38 దాటితే మాత్రం నాలుగు వారాల్లో వచ్చింది 36.7 శాతం మందికే. అంటే రాదని చెప్పడంలో గట్టిది, వస్తుందని చెప్పడంలో అంత గట్టిది కాదు. 2023లో ఎఫ్‌డీఏ కూడా ఈ నిష్పత్తి కొలిచే ఒక టెస్ట్‌కు అనుమతి ఇచ్చింది, ఆసుపత్రిలో చేరిన గర్భిణుల కోసం, 40 గీతతో.

దీన్ని మన ఊళ్ళకు తెచ్చి చూడండి. ఎనిమిదో నెల. పీహెచ్‌సీలో బీపీ 140 మీద 90. కాళ్ళ వాపు. పెద్దాసుపత్రికి పంపాలా, వారం ఆగి మళ్ళీ చూడాలా? పంపితే కూలి పోతుంది, ఇంట్లో చిన్నపిల్లలు, తోడు ఎవరు వస్తారు అని ఇంట్లో గొడవ. పంపకపోతే రాత్రికి రాత్రి ఫిట్స్ వస్తే 108లో దారిలోనే ఏమైనా కావచ్చు. ఈ వారం ఇంట్లో ఉండొచ్చు అని ధైర్యంగా చెప్పగలిగే టెస్ట్ ఆ ఏఎన్ఎమ్ చేతికి ఎంత బలమో ఆలోచించండి. కానీ ఆ 38 గీత గీసినప్పుడు రక్తం ఇచ్చినవాళ్ళలో మన రాయలసీమ ఆడవాళ్ళు లేరు. మన గర్భిణుల్లో రక్తహీనత ఎక్కువ, బరువు తక్కువ, చాలామందికి చిన్న వయసులోనే కాన్పు. ఆ గీత మనకూ పనిచేస్తుందా, జరపాలా, ఇంకో ప్రొటీన్ కలపాలా? కొత్త ప్రొటీన్ కనిపెట్టడం కన్నా ఈ ప్రశ్నకు జవాబు తేవడం పెద్ద పని అని నా గట్టి నమ్మకం.

కొత్త ప్రొటీన్లు వెతకడం అసలే వద్దని అనను. అది ఎంత బరువో తెలిసి మొదలుపెట్టండి. రక్తంలో అల్బుమిన్ అనే ప్రొటీన్ మిల్లీలీటరుకు దాదాపు 40 మిల్లీగ్రాములు. పీఎల్‌జీఎఫ్ పికోగ్రాముల్లో (గ్రాములో లక్ష కోట్లో వంతు) ఉంటుంది, 100 పికోగ్రాములు అనుకుందాం. బరువు లెక్కన 40 కోట్ల వంతులు అల్బుమిన్‌కు ఒక వంతు పీఎల్‌జీఎఫ్. యార్డులో పోసిన శెనక్కాయల గుట్టలన్నిటిలో గుర్తు పెట్టిన ఒక్క కాయను వెతకడం లాంటిది. ప్లాస్మాలో (గడ్డ కట్టకుండా ఆపిన రక్తంలోంచి కణాలు తీసేశాక మిగిలే ద్రవంలో) ఎక్కువగా ఉండే ఓ ఇరవై రెండు ప్రొటీన్లే మొత్తం బరువులో 99 శాతం ఆక్రమిస్తాయి. మాస్ స్పెక్ట్రోమెట్రీలో ట్రిప్సిన్ అనే ఎంజైమ్‌తో ప్రొటీన్లన్నిటినీ ముక్కలు చేసి ఆ ముక్కల బరువులు చదువుతాం కదా, ఆ ముక్కల్లో ఎక్కువ భాగం అల్బుమిన్‌వే అవుతాయి. అందుకే ముందు అల్బుమిన్ లాంటివి తీసేస్తారు. తీసేటప్పుడు వాటికి అంటుకున్న చిన్న ప్రొటీన్లు కూడా కొన్ని పోతాయి. యాంటీబాడీలతోనో, ఆప్టమర్లతోనో (ప్రొటీన్లను పట్టుకునే డీఎన్ఏ ముక్కలు) ఒకేసారి వేల ప్రొటీన్లు కొలిచే ఓలింక్, సోమాస్కాన్ లాంటివి తక్కువ మోతాదులను బాగా పడతాయి. కానీ వాటి జాబితాలో లేని ప్రొటీన్ వాటికి కనబడదు.

మీ 30కి 30 లెక్క కూడా ఇక్కడే దెబ్బతింటుంది. 3,000 ప్రొటీన్లు కొలిచి పీ వాల్యూ (అసలు తేడా లేకపోయినా అంత తేడా కాకతాళీయంగా కనబడే అవకాశం) 0.05 అని గీత పెడితే, జబ్బుతో ఏ సంబంధం లేకపోయినా 150 ప్రొటీన్లు తేడా ఉన్నట్టు కనబడతాయి. అందులోంచి అందమైన అయిదింటిని ఏరి ఒక ఫార్ములా కడితే అది ఆ 60 మంది మీద అద్భుతంగా పనిచేస్తుంది, 61వ మనిషి దగ్గర చతికిలపడుతుంది. వెతికిన గుంపు వేరు, సరిచూసే గుంపు వేరు ఉండాలి. సరిచూసేది వీలైతే ఇంకో ఆసుపత్రిది కావాలి.

నా అనుభవం ఒకటి చెప్పాలి, ఇది చెప్పడానికే నిజానికి ఇంత పెద్ద జవాబు రాయడం మొదలుపెట్టాను. అప్పట్లో నేను పనిచేసిన ఒక ల్యాబ్‌లో ఒక ప్రాజెక్టు. 24 మంది పేషెంట్లు, 24 మంది మామూలువాళ్ళు. రిజల్ట్ వచ్చింది. పదకొండు ప్రొటీన్లు తేడా, అందులో నాలుగు చాలా గట్టిగా. నెల రోజులు నేల మీద నడవలేదు నేను. పేపర్ సగం రాసేశాక ఆ నాలుగూ ఏమిటని మళ్ళీ చూశాను. హీమోగ్లోబిన్ ముక్కలు రెండు, కార్బానిక్ అన్‌హైడ్రేజ్-1, ప్లేట్‌లెట్ ఫ్యాక్టర్-4. గుండె జారిపోయింది. మొదటివి ఎర్ర రక్తకణాలు పగిలితే బయటికొచ్చేవి, చివరిది ప్లేట్‌లెట్లలోంచి వచ్చేది. రిజిస్టర్లు తీసి చూస్తే, పేషెంట్ల రక్తం పొద్దున తీసి, ఇంకో ఊరి నుంచి ఆటోలో, బస్సులో మధ్యాహ్నానికి మా దగ్గరికి వచ్చేది. నాలుగు గంటలు మామూలు ట్యూబుల్లో, ఎండాకాలంలో. మామూలువాళ్ళంటే మా స్టాఫే, పక్క గదిలో తీసి ఇరవై నిమిషాల్లో సెంట్రిఫ్యూజ్‌లో పెట్టాం. రెండేళ్ళ పనితో మేం కొలిచింది ఆ దారిలో రక్తం పడిన కష్టాన్ని. రక్తం ఇచ్చిన ఆ 24 మందికి నేను ఇప్పటికీ బాకీ ఉన్నాననిపిస్తుంది.

కాబట్టి శాంపిల్ దగ్గర ఎంత చాదస్తంగా ఉన్నా తప్పులేదు. సీరం కావాలంటే ఎర్ర మూత ట్యూబ్, గడ్డ కట్టడానికి 30 నిమిషాలు, ఆ వెంటనే సెంట్రిఫ్యూజ్. ప్లాస్మా కావాలంటే ఊదా మూత ఈడీటీఏ ట్యూబ్, తీయగానే మెల్లగా ఎనిమిది పదిసార్లు తిరగేయాలి, కుదపకూడదు. పైన తేరిన ద్రవం ఎండుగడ్డి రంగులో ఉండాలి. బీట్‌రూట్ కడిగిన నీళ్ళలా గులాబీ రంగు ఉంటే కణాలు పగిలినట్టు, ఆ శాంపిల్ పక్కన పెట్టి ఎందుకలా అయిందో రాసుకోండి. ఒకే పెద్ద ట్యూబ్‌లో దాచకండి. 200 మైక్రోలీటర్ల చొప్పున చిన్న వయల్స్‌లో పంచితే, ఒకటి కరిగించినా మిగతావి అలాగే ఉంటాయి. మామూలు స్టిక్కర్లు మైనస్ 80 డిగ్రీల్లో ఊడిపోతాయి, మార్కర్ రాత స్పిరిట్ తగిలితే చెరిగిపోతుంది. ఆ చలిని తట్టుకునే క్రయో లేబుల్స్‌కు డబ్బు అడగడానికి మొహమాటపడకండి. మే నెలలో కర్నూలు ఎండ మీకు తెలియనిది కాదు, కాబట్టి ఐస్ బాక్స్ లేకుండా ట్యూబ్ రక్తం తీసిన గది దాటకూడదు. కరెంటు పోతే ఫ్రీజర్ జనరేటర్ మీదికి వెళుతుందో లేదో ఎవరి మాటా నమ్మకుండా మీరే ఒకరోజు స్విచ్ ఆపించి చూడండి. ప్రతి మనిషి వయల్స్‌లో సగం ఇంకో ఫ్రీజర్‌లో ఉంచండి.

మెషీన్ సంగతి చివరికి చెప్పడానికి కారణం ఇదే. మంచి మాస్ స్పెక్ట్రోమీటర్ కోట్ల రూపాయల వ్యవహారం, మీరు కొననక్కర్లేదు. హైదరాబాదులో సీసీఎంబీ ఉంది, బెంగళూరులో సీ-క్యాంప్ ఉంది, రెండూ ఇలాంటి మెషీన్లున్న పరిశోధన సంస్థలు. 2014లో నేచర్ పత్రికలో వచ్చిన మనిషి ప్రొటీన్ల ముసాయిదా పటంలో, 17,000కు పైగా జన్యువుల ప్రొటీన్లను గుర్తించిన పనిలో, బెంగళూరులోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ బయోఇన్ఫర్మాటిక్స్ ప్రధాన భాగస్వామి. మెషీన్లున్నవాళ్ళకు దొరకనిది, మీ దగ్గర ఉన్నది ఒకటుంది. మీ ఆసుపత్రి ఓపీకి రోజూ వచ్చే గర్భిణులు. గర్భిణి అనే పేరుతో నెలలు నిండని కాన్పుల మీద దేశంలో నడుస్తున్న పెద్ద అధ్యయనం 2015లో గురుగ్రామ్ సివిల్ హాస్పిటల్‌లో, ఒక జిల్లా ఆసుపత్రిలోనే మొదలైంది. వేల మంది తల్లులను గర్భం పొడవునా పలుమార్లు చూసి శాంపిళ్ళు దాచారు. అది అక్కడ కుదిరినప్పుడు కడపలో ఎందుకు కుదరదు?

మీ కష్టాలు వేరే చోట ఉంటాయి. తొలి కాన్పుకు ఏడో నెలలో పుట్టింటికి వెళ్ళిపోతారు. కాన్పు ఎక్కడో ఇంకో జిల్లాలో అవుతుంది, జబ్బు వచ్చిందో లేదో మీకు తెలియదు. చేర్చుకునేటప్పుడే అమ్మగారింటి నంబరు, ఆ ఊరి ఆశా నంబరు రాసుకోండి. కర్నూలు పడమటి మండలాల వాళ్ళయితే మిరపకాయలు కోయడానికి గుంటూరు వైపు వలస పోతారు, ఆ నెలల్లో ఫోన్లు కలవవు. ఇంకోటి, పీఎల్‌జీఎఫ్ గర్భంతో పాటు పెరిగి 30 వారాల ప్రాంతంలో శిఖరానికి చేరి తర్వాత తగ్గుతుంది. అంటే వారాల లెక్క తప్పితే నంబరు మొత్తం తప్పుతుంది. చివరి నెలసరి ఎప్పుడమ్మా అంటే ఉగాదికి రెండ్రోజులు ముందో వెనకో అంటారు. కాబట్టి మొదటి మూడు నెలల్లో స్కాన్ అయినవాళ్ళనే తీసుకోండి.

మీకు ఎంతమంది కావాలో కూడా జబ్బు వచ్చేవాళ్ళ సంఖ్యే నిర్ణయిస్తుంది. అనుమానంతో వచ్చినవాళ్ళలో నూటికి పదిమందికి వారంలో జబ్బు వస్తుందనుకుంటే, 400 మందిని చేర్చుకుంటేనే 40 మంది దొరుకుతారు. పీహెచ్‌డీకి అది తక్కువేం కాదు. జబ్బు వచ్చిందని తేల్చే డాక్టరుకు మీ నంబర్లు కనబడకూడదు, ఇది ముందే రాసి ఎథిక్స్ కమిటీకి ఇవ్వండి. సమ్మతి పత్రం మన తెలుగులో, చదవలేనివాళ్ళకు చదివి వినిపించేలా ఉండాలి.

కిట్ దాకా వెళ్ళే దారి గురించి క్లుప్తంగా. మార్కర్ నిజమని తేలాక, దాన్ని రెండు వేర్వేరు చోట్ల పట్టుకునే యాంటీబాడీల జత కావాలి. ఇంట్లో చేసుకునే ప్రెగ్నెన్సీ స్ట్రిప్ హెచ్‌సీజీ అనే హార్మోన్‌ను పట్టేది కూడా అలాంటి జతతోనే. మంచి జత దొరకక ఆగిపోయిన మార్కర్లు చాలా ఉన్నాయి. మన దేశంలో కిట్ అమ్మాలంటే 2017 మెడికల్ డివైసెస్ రూల్స్ వర్తిస్తాయి. ప్రమాదాన్ని బట్టి ఏ నుంచి డీ వరకు నాలుగు తరగతులు. పూర్తిగా కొత్త టెస్ట్ అయితే పేషెంట్ల మీద పనితీరు పరీక్షించడానికే ముందు ఎండీ-24 ఫారంలో అనుమతి అడగాలి. ఇది మీ ఒక్కరి పని కాదు, అప్పటికి ఒక కంపెనీ తోడు కావాలి.

మీ మేనత్తగారి కోసం మొదలుపెట్టిన పనిని నేను పక్కకు తిప్పుతున్నానని అనిపించవచ్చు. ఆ బాధ నాకు అర్థమవుతుంది. అండాశయ గడ్డతో వచ్చే ప్రతి ఆవిడ దగ్గరా, ఆపరేషన్‌కు ముందు, సమ్మతితో రెండు వయల్స్ దాచడం మొదలుపెట్టండి. టీబీ అని తేలినా, మామూలు సిస్ట్ అని తేలినా పారేయకండి. అయిదేళ్ళకు ఆ ఫ్రీజర్‌లో ఉండేది ఈ దేశంలో చాలామంది దగ్గర లేని శాంపిళ్ళ వరుస.

ఈ వారం మాత్రం ప్రపోజల్ రాయకండి. ఒక నోట్‌బుక్, గడియారం తీసుకుని మీ ఆసుపత్రి గర్భిణుల ఓపీలో అయిదు రోజులు కూర్చోండి. ఒక్కో ట్యూబ్‌కు సూది గుచ్చిన టైమ్, ట్యూబ్ గది దాటిన టైమ్, సెంట్రిఫ్యూజ్ మూత వేసిన టైమ్ రాయండి. ఓ వంద ట్యూబులకు ఆ మూడు టైములు వచ్చాక నాకు పంపండి, ఏ ప్రొటీన్లు కొలవగలమో అప్పుడు కూర్చుని మాట్లాడుకుందాం.